నీలమ్మత్త పడవ అద్దాలు

మొన్న టెక్కలిలో ఓ పెళ్ళికి వెళ్ళి బస్సులో శ్రీకాకుళం తిరిగి వస్తున్నాను. కిటికీ పక్క సీటు దొరికిందని సంబరపడ్డాను గానీ, నరసన్నపేట దాటాక వాన పట్టుకుంది. కాసేపటికి ఎడమ భుజం మీద చల్లగా ఏదో పాకింది. చూస్తే, అద్దం చుట్టూ ఉన్న రబ్బరు ఒక మూల లేచిపోయి, ఆ సందులోంచి నీళ్ళు సన్నగా కారి నా జాకెట్టు చెయ్యి తడిపేస్తున్నాయి. "అటు జరిగిపోండమ్మా, ఈ బస్సుకెప్పుడూ ఉన్నదే" అన్నాడు కండక్టరు. నేను జరగలేదు. వేలు పెట్టి ఆ రబ్బరును నొక్కి చూశాను. ఎండకు ఎండి రాయిలా గట్టిపడింది. గోరు తగిలితే పొడిపొడిగా రాలింది. పోనీలే, వయసైపోయి పోయింది అనుకున్నాను. అలా అనుకోగానే ఏడుపు ముంచుకొచ్చింది. పక్కనున్నావిడ వానకు తడిసి ఏడుస్తున్నాననుకుందో ఏమో, తన తువ్వాలు ఇచ్చింది. వయసైపోయి పోవడం ఎంత మంచి చావో ఆవిడకు నేనెలా చెప్పను? రబ్బరుకైనా, మనిషికైనా. నీలమ్మత్త పడవ అద్దాల చుట్టూ నా చేత్తో బిగించిన రబ్బరుకు ఆ అదృష్టం లేదు. నీలమ్మత్తకూ లేదు.

మాది శ్రీకాకుళంలో వాహనాల అద్దాల దుకాణం. బస్సులకు, లారీలకు, ఆటోలకు అద్దాలూ, అద్దాలను పట్టి ఉంచే రబ్బరు బీడింగులూ అమ్ముతాం, బిగిస్తాం. నాన్న పెట్టిన దుకాణం. మా ఎదురుగా, మూతబడిన సినిమా హాలు ప్రహరీ నీడలో, కళింగపట్నం నుంచి మొదటి బస్సుకు వచ్చి ఎండుచేపల బుట్ట దించుకునేది నీలమ్మత్త. మేం కోమట్లం, ఇంట్లో ఉల్లిపాయ కూడా రోజులు చూసి తినేవాళ్ళం. గాలి ఇటు తిరిగిందంటే నాన్న ప్రాణం పోయేది. పొద్దున్నే దేవుడికి ఒక అగరొత్తి, నీలమ్మత్త వైపు ఒక అగరొత్తి వెలిగించేవాడు. ఆవిడ అక్కడినుంచే అరిచేది, "సావుకారూ, నా సేపలకి ధూపమేస్తన్నావేటి? పోన్లే, పుణ్యలోకాలకి పోతాయి." నాన్న పైకి కసిరేవాడు, కానీ మధ్యాహ్నం ఆవిడకు మంచినీళ్ళు అందించేది మాత్రం తనే. కులాలు ఏవైనా, ఆవిడ నాన్నను అన్న అనేది, కాబట్టి నాకు అత్త.

పెళ్ళయిన కొద్ది కాలానికే నేను తిరిగి పుట్టింటికి వచ్చేశాను. ఎందుకన్నది ఇక్కడ అనవసరం. వచ్చి దుకాణం వెనక గదిలో కూర్చున్నాను. అలా ఒక ఏడాది కూర్చునే ఉన్నాను. చుట్టాలు వచ్చి నా ముఖంలోకి తొంగిచూసి, నాలిక చప్పరించి, కాఫీ తాగి వెళ్ళేవాళ్ళు. ఎవరడిగినా "బాగానే ఉన్నాను" అనేదాన్ని. ఒకరోజు నాన్న ఊళ్ళో లేడు. నీలమ్మత్త నీళ్ళకని వచ్చి, వెనక గది గుమ్మంలో నిలబడి నన్ను తేరిపార చూసింది. ఎలా ఉన్నావని అడిగింది. బాగానే ఉన్నానన్నాను.

"పైన పటారం, లోన లొటారం" అంది. "ఒసే గుంటా, ఆ మాట మీ సుట్టాలకి సెప్పు. నాకొద్దు. ఏటయినాదని నానడగను. లేచి బయటికి రా. బయట ఆటో వోడు ఒకడు అద్దానికి నిలబడున్నాడు, మీ నాన్న నేడు."

"నాకేం తెలుసత్తా అద్దాల గురించి?"

"నాను పుట్టినప్పుడు సేపలమ్ముకోడం తెలుసేటి? రా."

చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. ఆవిడ చేతి వాసన నా చేతికి అంటుకుంది. సబ్బు పెట్టి కడిగినా సాయంత్రం దాకా పోలేదు. నాన్న తిరిగి వచ్చి కౌంటరు దగ్గర నన్ను చూశాడు. మర్నాడు అద్దం కోయడం నేర్పించాడు, ఆ తర్వాత రబ్బరు బిగించడం. ఇవాళ నేను నలుగురికి జీతాలిచ్చే దుకాణానికి యజమానురాలిని. నన్ను ఆ వెనక గదిలోంచి బయటికి లాగింది చదువూ కాదు, చుట్టాలూ కాదు. ఎండుచేపల వాసన కొట్టే ఒక చెయ్యి.

ఆవిడ భర్త గుజరాత్ సముద్రంలో పోయాడు. మా తీరం గురించి తెలియని వాళ్ళ కోసం చెప్పాలి. మాకు పెద్ద రేవు లేదు. కళింగపట్నంలో అప్పుడెప్పుడో ఓడలు ఆగేవట, ఇప్పుడు మాత్రం ఉన్నవన్నీ పైన కప్పూ కిటికీ లేని ఫైబరు తెప్పలే. వాటితో ఒడ్డు పక్కన పట్టే చేపలు ఇంటికి చాలవు. అందుకని మగవాళ్ళు ఏటా రైలెక్కి గుజరాత్ వెళ్ళి, అక్కడి పెద్ద బోట్ల మీద కూలికి వేట చేస్తారు. ఎనిమిది నెలలు అక్కడ, నాలుగు నెలలు ఇక్కడ. నీలమ్మత్త భర్త ఒక ఏడు వెళ్ళి రాలేదు. బోటు మీంచి జారిపోయాడని కబురొచ్చింది. శవం కూడా రాలేదు. అప్పటికి కొడుకు ఎర్రయ్య చంకలో పిల్లాడు. ఆవిడ ఏడ్చిందో లేదో నాకు తెలియదు, నేనప్పటికి ఆవిడను ఎరగను. నాకు తెలిసిన నీలమ్మత్త జీవితానికి మాత్రం ఒకే ఒక్క పట్టుదల ఉండేది. ఎర్రయ్య గుజరాత్ రైలెక్కకూడదు. తిన్నా, తినకపోయినా, వాడు తన కళ్ళముందే వేట చెయ్యాలి.

రాష్ట్రం రెండుగా విడిపోయిన మరుసటి ఏడు, ఆవిడ విశాఖపట్నం రేవులో ఒక పాత మరపడవ కొన్నది. చెక్క పడవ, వెనక ఇంజను, మధ్యలో అద్దాల కిటికీలున్న చిన్న క్యాబిన్. దాంతో ఐతే దూరం పోవచ్చు, పెద్ద చేప పట్టవచ్చు, ఇంకో నలుగురు కుర్రాళ్ళకు కూడా పని దొరుకుతుంది. పడవ కళింగపట్నం దగ్గర వంశధార సముద్రంలో కలిసే చోట లంగరు వేసింది. ఊరంతా చూడ్డానికి వచ్చారట. అంతవరకూ ఆ ఊళ్ళో కిటికీ ఉన్న పడవ లేదు. కానీ వానొస్తే క్యాబిన్ లోపల గొడుగు పట్టాలి. ముందు అద్దాల కిందనే బ్యాటరీలూ, వైర్‌లెస్సూ, ఇంజను మీటలూ. అవి రెండుసార్లు తడిసి ఇంజను నడిసముద్రంలో ఆగిపోయింది. ఎర్రయ్య స్నేహితులు అప్పటికే గుజరాత్ రైలుకు టికెట్లు తీయించుకుంటున్నారు. "అద్దాలు బాగైతే ఉంటానమ్మా, నేకపోతే నానూ ఎల్తాను" అన్నాడట వాడు. పాపం, వాడి తప్పేముంది? నీళ్ళు కారే పడవలో ఎవడు వేటకు పోతాడు?

అలా ఒక పొద్దున నీలమ్మత్త చేపల బుట్ట లేకుండా మా కౌంటరు ముందు నిలబడింది. చేతిలో నల్లటి రబ్బరు ముక్క, విరిచిన జంతికలా ఉంది. "ఇలాటిది ఉన్నాదేటే?" అంది. బస్సులకు వేసే బీడింగు దానికి సరిగ్గా సరిపోతుంది. మా పనివాడు పడవలకు చెయ్యనని మొండికేశాడు. నేనొస్తానన్నాను. ఆవిడ నవ్వింది. ఆ నవ్వు చూసి నాన్న అగరొత్తి వెలిగించడం మరిచిపోయాడు.

వేట నిషేధం ఉన్న వేసవి నెలలు. పడవను పోటు చూసి ఒడ్డుకు లాగి ఇసకలో నిలబెట్టారు. దగ్గరికి వెళ్ళి చూస్తే నాకు కళ్ళు తిరిగాయి. రబ్బరు మీద తారు, తారు మీద రంగు, రంగు మీద ట్యూబు సిలికాన్. ఎవరి కాలంలో కారితే వాళ్ళు పైన ఏదో ఒకటి పూసుకుంటూ పోయారు. ఎర్రయ్య కూడా ఒక ట్యూబు పూశాడు. పొడుగ్గా, తల్లిలాగే నల్లగా, సిగ్గరి. "ఇంకో పూత ఏస్తే సరిపోదేటక్కా?" అని నన్ను మెల్లగా అడిగాడు. నేను నోరు తెరిచేలోపే నీలమ్మత్త అందుకుంది.

"పూతా గీతా నేదు. తీసి సూడు. తీస్తే గదా ఏటి కుళ్ళిందో తెలిసేది."

చాకుతో కోసి, లోపలినుంచి తోసి, ముందు అద్దం దించాం. పాత రబ్బరు ముక్కలుముక్కలుగా వచ్చింది. దాని కింద చట్రం చెక్క నానిపోయి ఉంది. ఎర్రయ్య వేలు పెడితే నానిన అటుకుల్లోకి దిగినట్టు దిగిపోయింది. వాడి ముఖం వాడిపోయింది. "అమ్మా, ఇది తీకుండా ఉంటే బాగున్ను" అన్నాడు.

"తీకపోతే కుళ్ళదేట్రా? నువ్వు సూడకపోతే అది ఆగిపోతాదేటి?"

ఆ మాట ఆవిడ కొడుకుతో అన్నది. నాకు తగిలింది. వెనక గదిలో ఏడాది పాటు "బాగానే ఉన్నాను" అన్న మనిషిని కదా. ఆ తర్వాత నా జీవితంలో చాలా నిర్ణయాలు ఆ మాట మీదే తీసుకున్నాను, విడాకుల కాగితం మీద సంతకంతో సహా. వడ్రంగి వచ్చి కుళ్ళిన చెక్కంతా తీసి కొత్త చెక్క వేశాడు. అది ఆరేదాకా ఆగి మళ్ళీ వెళ్ళాను.

బీడింగు బిగించడం చూడ్డానికి సులువు. రబ్బరును అద్దం చుట్టూ తొడిగి, దాని బయటి అంచు, మేం పెదవి అంటాం, ఆ పెదవి గాడిలో ఒక నూలు తాడు చుట్టి, అద్దాన్ని చట్రానికి ఆనించి బయటినుంచి ఒకరు నొక్కాలి. లోపలినుంచి ఇంకొకరు ఆ తాడును నెమ్మదిగా లాగుతూ పోతే, రబ్బరు పెదవి చట్రం అంచు దాటి లోపలికి వచ్చి కూర్చుంటుంది. తొందరపడితే పెదవి చిరుగుతుంది. నేను లోపల, నీలమ్మత్త బయట. ఆవిడ రెండు అరచేతులూ అద్దం మీద పరిచి, నా ముఖంలోకి చూస్తూ నొక్కేది. ఒక మూల రబ్బరు ఎంతకీ జారలేదు.

"కాసింత సేప నూనె రాయనేటే? జర్రున పోతాది."

"వద్దత్తా, నూనె తగిలితే రబ్బరు చెడిపోతుంది. సబ్బునీళ్ళే."

వెంటనే ఇసకతో చేతులు తోముకుని, సబ్బునీళ్ళతో కడుక్కుని వచ్చింది. చెప్పిన మాట అంత బుద్ధిగా విన్నది. నేనిది ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది.

అన్ని అద్దాలూ బిగించాక నీళ్ళు పోసి చూద్దామన్నాను. నీలమ్మత్త తనే క్యాబిన్‌లో కూర్చుంటానంది. తలుపు మూయించుకుంది. ఎర్రయ్యా, వాడి స్నేహితులూ పైకెక్కి బిందెలతో అద్దాల మీద కుమ్మరించారు. నేను ఎదురుగా ఇసకలో నిలబడి చూస్తున్నాను. నీళ్ళు జారుతున్న అద్దం వెనక ఆవిడ ముఖం. రబ్బరు కిందంతా వేళ్ళతో తడుముకుంటోంది. తడి లేదు. మళ్ళీ తడిమింది. ఉన్నట్టుండి రెండు చేతులూ పైకెత్తి ఏదో అరుస్తూ పగలబడి నవ్వింది. ఆ అద్దాలు ఎంత గట్టిగా కూర్చున్నాయంటే, లోపలి మాట బయటికి వినపడలేదు. నోరు మాత్రమే కనిపిస్తోంది. తలుపు తీశాక తెలిసింది, "ఒక్క సుక్క నేదు, ఒక్క సుక్క నేదు" అని అరుస్తోందట. ఎర్రయ్య ఆ సాయంత్రమే స్నేహితులకు చెప్పేశాడు, రైలుకు తను రావడం లేదని. నేను నీలమ్మత్తను అంత సంతోషంగా చూడడం అదే మొదలు, అదే ఆఖరు.

నిషేధం ముగిసి పడవలు మొదటిసారి నీళ్ళలో దిగే రోజున గంగమ్మకు మొక్కుతారు. వాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఆ రోజు పడవకు తలంటు పోస్తారు. పసుపు రాసి, కుంకుమ పెట్టి, పైనుంచి కింది దాకా చేప నూనె మర్దనా చేసి, సముద్రం నీళ్ళతో కడుగుతారు. ఒంటి మీద నూనె లేని బిడ్డను తల్లి నీళ్ళలోకి దింపదని వాళ్ళ మాట. చెక్కకు నూనె మంచిదే, ఉప్పునీటిని తాగనివ్వదు. ఫైబరు తెప్పలొచ్చాక కూడా ఆచారం వదలలేదు, ఏడాదికోసారి వేలితో బొట్టులా తాకిస్తారు. నీలమ్మత్త వేలితో తాకించే మనిషా? చెక్కతో పాటు క్యాబిన్‌కీ రాసింది. కిటికీలకీ రాసింది. కొత్త రబ్బరు ఎండకు ఎండిపోతుందేమో అని దానికి ఇంకాస్త ఎక్కువగా, గుడ్డతో కాకుండా చేత్తో రాసింది. అక్కడితో ఆగలేదు. పడవ ఒడ్డుకు వచ్చినప్పుడల్లా, వారం వారం రాసింది. దుకాణానికి వచ్చినప్పుడు గొప్పగా చెప్పేది, "నీ రబ్బర్లు కొత్త పెళ్ళికొడుకునాగ మెరుస్తన్నాయే!" రబ్బరు కొత్తది కదా, మెరుస్తుంది అనుకున్నాను. ఇదంతా నాకు అప్పుడు తెలియదు. కళింగపట్నం నాకు రోజూ వెళ్ళే ఊరు కాదు.

ఆ తర్వాత నాలుగు నెలలూ ఎర్రయ్య వేటకు పోయి వచ్చాడు. ఒకసారి తల్లి వెంట బుట్ట మోసుకుంటూ వచ్చి, "అక్కా, కేబిన్‌లో కూకుంటే ఇంట్లో కూకున్నట్టున్నాది" అన్నాడు. నీలమ్మత్త వాడికి పెళ్ళి సంబంధాలు చూడడం మొదలుపెట్టింది.

దీపావళి ముందు వాయుగుండం పట్టింది. హెచ్చరిక విని పడవలన్నీ వెనక్కి తిరిగాయి. ఎర్రయ్య పడవ దూరం పోయింది కాబట్టి ఆఖరున వస్తోంది. నది నోటి దగ్గర ఇసక మేట మీద కెరటాలు విరిగే చోటు ఒకటుంది, అక్కడ ఇంజను ఒక్క నిమిషం కూడా ఆగకూడదు. ఒడ్డున ఊరంతా నిలబడి చూస్తున్నారు. నీలమ్మత్త మోకాలి లోతు నీళ్ళలో ఉంది. ఒక కెరటం క్యాబిన్‌కు ఎదురుగా కొట్టింది. తర్వాత ఎర్రయ్య నాకు చెప్పాడు, అద్దం పగిలిన చప్పుడు కూడా రాలేదట. తలుపు తోసినట్టు మొత్తం అద్దం మెత్తగా లోపలికి వచ్చి వాడి గుండెలకు తగిలిందట. వెనకే నీళ్ళు. బ్యాటరీలు మునిగిపోయాయి, ఇంజను ఆగిపోయింది. పడవ అడ్డం తిరిగి మేట మీద పడి, కెరటాలకు నడుం విరిగింది. కుర్రాళ్ళందరూ ఈదుకుని ఒడ్డెక్కారు. ప్రాణాలు దక్కాయి కదా అని ఊరు ఊపిరి పీల్చుకుంది.

కబురు తెలిసి మర్నాడు నేనూ నాన్నా వెళ్ళాం. ఇసకలో చెక్కలు, తాళ్ళు, వలలు. నీలమ్మత్త వాటి మధ్య కూర్చుని ఉంది. ముందు అద్దం విరిగిన క్యాబిన్‌తో పాటు ఒడ్డుకు కొట్టుకొచ్చింది. నిజంగానే పగలలేదు, ఒక్క గీత కూడా లేదు. విరిగిన చట్రానికి రబ్బరు ఒక వైపు వేలాడుతోంది. పట్టుకున్నాను. ఉడికిన వంకాయ తొక్కలా ఉంది. నేను తెచ్చిన దానికి ఒకటిన్నర రెట్లు ఉబ్బి, మెత్తబడి, పెదవి జారిపోయి ఉంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. సముద్రం కడిగినా పోలేదు చేప నూనె వాసన. అంతా ఒక్క క్షణంలో అర్థమైంది. నాన్నకూ అర్థమైంది, నా చెయ్యి నొక్కాడు. ఆ మనిషితో ఆ పూట ఆ మాట ఎవరు చెప్పగలరు?

"గంగమ్మకి నా మీద ఏటి కోపమొచ్చినాదో" అంది నీలమ్మత్త మమ్మల్ని చూసి. "నీ పని మంచిదేనే. సూడు, నీ అద్దం సెక్కు సెదర్నేదు."

ఆ నెలలోనే ఎర్రయ్య గుజరాత్ వెళ్ళాడు. ఆవిడ ఆమదాలవలస స్టేషనుకు వెళ్ళలేదు. రైలు వేళకు మా దుకాణం అరుగు మీద వచ్చి కూర్చుంది. రైలు వెళ్ళిపోయి ఉంటుందని అందరికీ తెలిసే దాకా కూర్చుంది. నాన్న మంచినీళ్ళు తెచ్చిస్తే తాగలేదు. "అన్నా, వోణ్ణి ఆపడానికి నాకాడ ఇంకేటీ నేదు" అంది. అగరొత్తి ధూపం గురించి ఆవిడ మరెప్పుడూ వేళాకోళం చెయ్యలేదు.

ఎర్రయ్య మొదటి ఏడు వెళ్ళి వచ్చాడు, బాగా చిక్కిపోయి. రెండో ఏడు శివరాత్రికి ముందు వాళ్ళ పక్కింటికి ఫోను వచ్చింది. వల లాగుతుండగా తాడు కాలికి చుట్టుకుందట. వెతికారట. తండ్రి విషయంలో చెప్పిన మాటలే కొడుకు విషయంలోనూ చెప్పారు. శవం రాలేదు. నేను కళింగపట్నం వెళ్ళాను, ఆవిడ పక్కన కూర్చున్నాను. ఓదార్పు మాటలేవీ నా దగ్గర లేవు. ఉన్నవాళ్ళు వాటిని ధారాళంగా వాడుతున్నారు. అంతా రాత అని ఒకరు, గంగమ్మ తల్లి తీసుకుందని ఇంకొకరు. ఆవిడ అందరికీ తలాడించింది. ఎవరి మాటా వినలేదని నాకు తెలుసు, ఎందుకంటే పైపైన పూసే పూత ఆవిడకు ఎప్పుడూ అక్కర్లేదు.

ఆ ఎండాకాలం ఒక మధ్యాహ్నం దుకాణానికి వచ్చింది. మనిషి సగం అయిపోయింది. కొంగు ముడి విప్పి కౌంటరు మీద రెండు రబ్బరు ముక్కలు పెట్టింది. ఒకటి బిగించిన రోజు మిగిలితే నేనే వదిలేసి వచ్చిన ముక్క. ఇంట్లో చూరుకు చెక్కి ఉంచిందట, ఇంకా బిగువుగా, కొత్తదానిలా ఉంది. రెండోది విరిగిన పడవనుంచి కోసుకున్నది. పక్కపక్కన పెడితే చంటిపిల్ల కూడా చెప్పగలదు.

"రెండూ ఒక సుట్టలోవే గదా?" అంది.

"ఒక చుట్టలోవే అత్తా."

"మరి ఇదెందుకిలాగున్నాది?"

కౌంటరు అంచు పట్టుకున్నాను.

"నూనేనా?"

అబద్ధం నా నోటి దాకా వచ్చింది. ఎండ అనొచ్చు, ఉప్పు అనొచ్చు, సరుకు మంచిది కాదు, తప్పు నాదే అనొచ్చు. ఇవేవీ ఆవిడ నమ్మదు. తీసి చూసింది కాబట్టే నా దగ్గరికి వచ్చింది. తను ఇంట్లో ఒంటరిగా చూసుకున్నదాన్ని ఇంకో మనిషి నోటితో వినడానికి వచ్చింది.

"నూనే అత్తా" అన్నాను.

ఆవిడ ఏడవలేదు. ఆ రెండు ముక్కల్నీ వేళ్ళతో నొక్కి చూసింది. "నువ్వు సెప్పినావు, బిగించినప్పుడు వొద్దన్నావు. నాకు గేపకం ఉన్నాది" అంది. "బిగించీసినాక కూడా వొద్దని నాకు తట్టనేదే. తలంటుకి రాసింది నూనె అని నానెప్పుడూ అనుకోనేదు. బిడ్డకి తల్లి రాస్తే సెడిపోతాదని ఎవులనుకుంటారు?"

"ఎవరూ అనుకోరత్తా. నేనూ అనుకోలేదు."

"నా సేత్తోనే పంపీసినాన్నే వోణ్ణి." గొంతు మామూలుగానే ఉంది. "ఎవులూ తొయ్యనేదు. ఈ సేత్తోనే, వారం వారం."

తన కుడిచెయ్యి తిప్పి చూసుకుంది. నన్ను వెనక గదిలోంచి లాగిన చెయ్యి అదే. దాన్ని పట్టుకోబోయాను. ఇవ్వలేదు, కొంగులో దాచుకుంది. లేచి నిలబడి, గుమ్మం దాకా పోయి, తిరిగి చూసింది.

"రబ్బరు కొన్నోలందరికీ సెప్పు. నూనె రాయొద్దని సెప్పు. ఊరికే సెప్తే ఎవులూ ఇనరు. నా పేరు సెప్పి సెప్పు. కళింగపట్నం నీలమ్మ పేమగా రాసి కొడుకుని పోగొట్టుకున్నాదని సెప్పు."

"అలా చెప్పలేనత్తా."

"సెప్పాల. ఆడు ఉత్తినే పోకూడదు."

ఆ తర్వాత ఆవిడ శ్రీకాకుళం రాలేదు. చేపల వ్యాపారం మానేసింది. నేను వెళ్ళినప్పుడల్లా గుమ్మంలో కూర్చుని ఉండేది, ఎవరో తెలియనట్టు చూసేది. ఇంట్లో ఎక్కడా చేప వాసన లేదు. తలకు కూడా నూనె రాసుకోవడం మానేసింది, జుట్టు పీచులా అయిపోయింది. పెద్ద జబ్బేమీ లేదు. తినడం తగ్గించింది, తర్వాత మానేసింది. ఆవిడ పోయాక, వాళ్ళ ఊరి ఆడవాళ్ళు ఆఖరి స్నానానికి ముందు నూనె గిన్నె తెస్తే, వద్దని అడ్డం పడ్డది నేను. పరాయి కులం దానివి, నీకేం తెలుసు మా ఆచారమని కోప్పడ్డారు. కోప్పడనీ అనుకున్నాను. ఆవిడ నూనె లేకుండానే వెళ్ళింది.

ఆవిడ నాకు ఇచ్చినవి చాలా ఉన్నాయి. పైన పూయకుండా తీసి చూడమని నేర్పింది, దాని మీదే నేను నిలబడి బతుకుతున్నాను. కానీ ఆవిడే నేర్పిన ఇంకో సంగతి ఆ మొదటిదాన్ని నమిలేస్తోంది. తీసి చూసినా, కుళ్ళు కోసేసినా, కొత్త చెక్క వేసినా, చెప్పిన మాట విన్నా, చేతిలో ఉన్న ప్రేమే వెళ్ళి దాన్ని కరిగించేయగలదు. దీనికి ఏ జాగ్రత్త చెప్పాలి? ఎవరికీ ఏదీ పెట్టొద్దనా, ఎవరినీ తాకొద్దనా? నాకు తెలియదు. మా అక్క కూతుళ్ళు ఒళ్ళో వాలినప్పుడు తల నిమరబోయి, చెయ్యి గాలిలో ఆగిపోతుంది ఒక్కోసారి.

ఆవిడ చెప్పమన్నది మాత్రం చెప్తున్నాను. రబ్బరు కొలిచి, కోసి, చుట్టి చేతికిచ్చేటప్పుడు ప్రతి మనిషికీ చెప్తాను, పేరుతో సహా. బస్సుల వాళ్ళు సరేనంటారు. లారీల వాళ్ళు ఫోను చూసుకుంటూ తలాడిస్తారు. ఆమధ్య ఒక ఆటో కుర్రాడు నవ్వాపుకోలేక, "ఆటోకి సేప నూనె ఎవులు రాస్తారక్కా?" అన్నాడు. ఎవరూ రాయరు. నాకు తెలుసు. కళింగపట్నంలో ఇప్పటికీ కప్పు లేని తెప్పలే, కిటికీ పడవ మళ్ళీ ఎవరూ కొనలేదు. ఆ మాట అవసరమైన పడవ మా తీరంలో ఒక్కటే ఉండేది.